మైపాడు కాలువ గట్టు – రెండు గాలాలు

ప్రత్యేక సంచికకు నెల్లూరు తీరం గురించి ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు మూడుసార్లు ఫోను చేశారు. "మీరు రికార్డు రూములో పనిచేసినవారు, మీకు తెలియనిదేముంది" అన్నారు. రికార్డు రూములో పనిచేసినవాడికి బాగా తెలిసేది దుమ్ము, చెదలు, పోయిన ఫైళ్లు. తీరం గురించి నాకు తెలిసినదంతా గాలపు కర్ర పట్టుకొని కాలువ గట్టు మీద కూర్చున్నప్పుడు తెలిసినదే. అందులో సగం నేను చదివి అక్కడ చెప్పినది, మిగతా సగం నా మిత్రుడు నాకు చెప్పినది. కాబట్టి ఈ వ్యాసంలో అతను కూడా వస్తాడు. పేరు మాత్రం వ్రాయవద్దన్నాడు. "పేరు వేస్తే మన సంఘంలో అందరూ చేపలడుగుతారు" అన్నాడు.

మేమిద్దరం ఒకరినొకరు "బావా" అని పిలుచుకుంటాము. చుట్టరికం లేదు, కులమూ ఒకటి కాదు. 1974లో ఒకే నెలలో నౌకరీలో చేరాము. నేను రెవెన్యూలో, అతను మత్స్యశాఖలో. ఇద్దరమూ జూనియర్ గుమాస్తాలమే. నాది పెన్నా డెల్టాలో వరి పండే ఊరు, చేప అంటే చెరువు చేపే. అతనిది సముద్రపు ఒడ్డు ఊరు. వాళ్ల తాత తెప్ప మీద వేటకు పోయినవాడు. గాలం వేయడం నాకు నేర్పింది అతనే గాని, ఆ పని మీద అతనికి పెద్ద గౌరవం లేదు. "మా తాత చూస్తే నవ్వుతాడు బావా, గాలంతో పట్టేది పిల్లకాయలు" అనేవాడు. అయినా రెండో శనివారం సాయంత్రమో, ఆదివారం తెల్లవారుజామునో ఇద్దరం సైకిళ్ల మీద మైపాడు రోడ్డు పట్టేవాళ్లం. సముద్రానికి కాస్త ఇవతలే రోడ్డుకు అడ్డంగా బకింగ్‌హామ్ కాలువ వస్తుంది. వంతెన దిగి పడమటి గట్టున కూర్చుంటే తూర్పున సరుగుడు తోపులు, వాటి వెనక అలల చప్పుడు. మా స్థలం అదే.

ఆ కాలువ సంగతి ముందు చెప్పాలి. 1806లో కాక్రేన్ అనే ఇంగ్లీషు వర్తకుడు మద్రాసు నుంచి ఎన్నూరు దాకా త్రవ్వించిన చిన్న కాలువతో దీని కథ మొదలు. దాన్నే ఉత్తరంగా పులికాట్ సరస్సు దాకా పొడిగించారు. 1837లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. తర్వాత దశలు దశలుగా దుగరాజపట్నం, కృష్ణపట్నం, ఇంకా పైకి పెద్దగంజాం దాకా సాగింది. అక్కడ కొమ్మమూరు కాలువతో కలిసి కృష్ణా డెల్టాకు దారి ఏర్పడింది. దక్షిణాన మరక్కాణం దాకా లెక్కపెడితే దీని పొడవు 420 కిలోమీటర్లు. 1876–78 నాటి దారుణమైన కరువులో మద్రాసు నగరంలో మిగిలిన ముక్కను కరువు పనిగా త్రవ్వించారు. అప్పుడు గవర్నరుగా ఉన్న బకింగ్‌హామ్ ప్రభువు పేరును 1878లో కాలువకు పెట్టారు. తట్టలు మోసిన కూలీలకు దక్కింది ఆ పూట గింజలు. ఆ కరువులో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో మనదీ ఒకటి.

ఇది పంట కాలువ కాదు. ఉప్పునీటి కాలువ. సముద్రపు మొగలు, ఉప్పుటేరులు ఎక్కడెక్కడ తగిలితే అక్కడ పోటు నీరు లోపలికి వస్తుంది, పాటులో తిరిగి పోతుంది. పడవలు నిలవడానికి నీరు చాలాలి గనుక అక్కడక్కడ లాకులు కట్టారు. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప, లేకుంటే గడ, అదీ కాకుంటే గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో లాగడం. ఉప్పు, ధాన్యం, శ్రీహరికోట అడవి కట్టెలు, సరుగుడు కట్టెలు ఈ దారినే మద్రాసు పొయ్యిల్లోకి పోయాయి. 1899 నాటికి బెజవాడ – మద్రాసు రైలుమార్గం పూర్తయ్యాక పడవలకు గిరాకీ తగ్గుతూ వచ్చింది. 1965, 1966 తుఫానులు గట్లను పాడుచేశాక ఇక పెద్దగా కోలుకోలేదు. మేము వెళ్లడం మొదలుపెట్టినప్పుడు కట్టెల పడవలు ఎప్పుడో ఒకటి కనిపించేవి. పడవవాళ్లు మా బెండ్లు చూసి, తగలకుండా గడను అవతలి పక్కకు మార్చేవారు. 2008లో ఈ కాలువను కూడా కలిపి జాతీయ జలమార్గం 4 అని ప్రకటించినప్పుడు మా బావ పేపరు పట్టుకొని వచ్చి, "ఇంక మనం బెండు వేయాలన్నా ఢిల్లీ పర్మిషను కావాలేమో" అన్నాడు. అంత అవసరం పడలేదు.

చేపల వేటలో నాకు తెలిసినదల్లా అతను చెప్పినదే అన్నాను గదా. వానపాముల ఎరకు జెల్లలు, ఇసుకదొందులు పడతాయి. పచ్చి రొయ్య గుచ్చితే పండుగప్ప పడవచ్చు. పండుగప్ప సంగతి ఒకటి అతను 1976లో చెబితే నేను చాలా ఏళ్లు నమ్మలేదు. అది మొదట మగదిగా పెరిగి, కొన్నేళ్లకు పెద్దదయ్యాక ఆడదిగా మారుతుందట. గుడ్లు పెట్టేది సముద్రపు మొగల దగ్గర, పిల్లలు పెరిగేది ఏటి నీళ్లలో, కాలువల్లో. "నువ్వు గుమాస్తావి కాబట్టి ఏదైనా కాగితం మీద ఉంటేనే నమ్ముతావు" అని అతను విసుక్కున్నాడు. చివరకు కాగితం మీదనే చూసి నమ్మాను, అది నిజమే. జెల్ల ముల్లు సంగతి మాత్రం కాగితం అక్కరలేకుండానే మొదటి నెలలోనే తెలిసింది. కుడి చేయి వాచి రెండు రోజులు ఫైళ్లు వ్రాయలేకపోతే, ఏమైందని అడిగిన సూపరింటెండెంటుగారికి తేలు కుట్టిందని చెప్పాను.

కాగితాల మాట వచ్చింది గనుక రికార్డు రూము సంగతి చెబుతాను. నాకు అక్కడ పోస్టింగు వచ్చినప్పుడు అందరూ జాలిపడ్డారు. అక్కడ నాకు బాస్వెల్ దొర వ్రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ దొరికింది. 1873లో మద్రాసులో అచ్చయిన పుస్తకం. మధ్యాహ్నం టిఫిను వేళ కొంచెం కొంచెంగా చదివేవాణ్ణి, ఆదివారం గట్టు మీద దాన్ని బావకు అప్పజెప్పేవాణ్ణి. తర్వాత తెలిసింది, అదే 1873 మన చేపల చరిత్రకు కూడా ముఖ్యమైన సంవత్సరమని. మద్రాసు సివిల్ సర్వీసులో ఉన్న హెన్రీ సల్లివన్ థామస్ అనే దొర 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే గాలపు వేట పుస్తకం ప్రచురించింది ఆ ఏడే. మన దేశంలో గాలం వేయడమనే సరదా గురించి ఇంగ్లీషులో వచ్చిన పేరున్న పుస్తకం అది. పడమటి కనుమల నదుల్లో పెద్ద పెద్ద మహసీరు చేపలను పట్టడం మీద అతనికి మక్కువ ఎక్కువ. మూడవది, ఫ్రాన్సిస్ డే అనే సైనిక వైద్యుడు భారత, బర్మా సముద్రపు చేపల మీద ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక. అదీ 1873దే.

ఈ డే గారి విషయంలో నేను పెద్ద పొరపాటే చేశాను. ఒప్పుకోవడంలో సిగ్గేమీ లేదు. మద్రాసు పట్టణానికి పునాది వేసిన కుంఫిణీ ఉద్యోగి పేరు కూడా ఫ్రాన్సిస్ డే. ఇద్దరూ ఒకరే అనుకొని, దుగరాజపట్నంలో వ్యాపారం చేసి, మద్రాసు కట్టించి, తీరిక దొరికాక చేపల పుస్తకం వ్రాశాడని బావకు గట్టు మీద ఎన్నోసార్లు చెప్పాను. ఒకనాడు అతను తన ఆఫీసులోని పుస్తకంలో తేదీలు చూసి వచ్చాడు. "బావా, మీ దొరకు రెండొందల యాభై ఏళ్లు వయసా?" అన్నాడు. మద్రాసు డే 17వ శతాబ్దంవాడు. చేపల డే 1829లో పుట్టి 1889లో పోయినవాడు. అతని పెద్ద పుస్తకం 'ది ఫిషెస్ ఆఫ్ ఇండియా' 1875–78 మధ్య భాగాలుగా వచ్చింది. దేశానికంతటికీ మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా కూడా చేశాడు. ఆ రోజు మొదలు నేను ఏది చెప్పినా బావ "ఏ డే చెప్పాడు?" అని అడగడం నేర్చుకున్నాడు.

ఆ చేపల డే నివేదిక వలన మన తీరానికి ఒక మేలు జరిగింది. అప్పుడు ఉప్పు మీద పన్ను భారీగా ఉండేది. వేటకు పోయినవాడికి చేప దండిగా పడినా, ఉప్పు కొనలేక కుళ్లబెట్టుకోవలసి వచ్చేది. ఉప్పుమన్నుతో ఎండబెట్టినా చట్టం ఒప్పుకోదు. ఈ ఇబ్బందిని అతను వ్రాసి చూపించాడు. ఆ తర్వాత ప్రభుత్వం మద్రాసు రాజధాని తీరం పొడుగునా యార్డులు తెరిచి, వాటి ఆవరణలోనే చేపలకు వేసుకోవాలన్న షరతు మీద పన్ను లేని ఉప్పు ఇచ్చింది. బావ వాళ్ల తాత అలాంటి యార్డులో ఉప్పు తూకం కోసం నిలబడినవాడే. గుమ్మం దాటేటప్పుడు వాళ్ల పంచెలు దులిపి చూసేవారట, ఉప్పు దాచుకుపోతున్నారేమోనని. ఇది బావ చెబితే నేను నవ్వాను. అతను నవ్వలేదు. 1907లో ఫ్రెడరిక్ నికల్సన్ చేతుల మీదుగా మద్రాసులో మత్స్యశాఖ మొదలైంది. ఆ తర్వాత డైరెక్టరుగా చేసిన హార్నెల్ మన తెప్పలను శ్రద్ధగా చూసి వాటి కట్టుబడి గురించి వ్రాశాడు. మా బావ గుమాస్తాగా చేరిన శాఖకు మూలం అది. తాతను దులిపిన సర్కారులోనే మనుమడు ఉద్యోగం చేశాడు.

దుగరాజపట్నం మేము 1978లో వెళ్లాము. గూడూరులో బస్సు మారి, కోట, వాకాడు మీదుగా. ఇంగ్లీషువారు ఈ చోటును ఆర్మగాన్ అన్నారు. వారికి సాయపడిన ఆరుముగం మొదలియారు పేరు మీద వచ్చిందని చెబుతారు. 1626లో అక్కడ వర్తకశాల పెట్టి, చుట్టూ గోడ కట్టి, ఫిరంగులు నిలబెట్టారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువారు కోటలాగా బలపరచుకున్న మొదటి స్థలం అది. దక్షిణాన పులికాట్‌లో అప్పటికే డచ్చివారి గెల్డ్రియా కోట ఉంది. వారి పోటీ ఒక పక్క, స్థానిక నాయకులతో తగవులు ఇంకో పక్క, బట్టలు అనుకున్న ధరకు దొరకకపోవడం మరో పక్క. ఆర్మగాన్ పెద్దగా ఉన్న మన మొదటి డే దక్షిణంగా వెతుకుతూ పోయి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుని దగ్గర మద్రాసు స్థలానికి అనుమతి సంపాదించాడు. 1640 ఫిబ్రవరిలో మూటాముల్లె సర్దుకొని వెళ్లిపోయారు. చెన్నపట్నం పేరు వెంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుని పేరే. అంటే మద్రాసు నగరానికి పుట్టింటివారు మన నెల్లూరు తీరంవారన్నమాట. ఇది నేను ఎంతో ఉత్సాహంగా చెబుతుంటే, బావ మోకాలి లోతు నీళ్లలో నిలబడి విసురువల వేస్తున్న ఒక యానాది ముసలాయనతో మాట్లాడుతున్నాడు. కోట ఎక్కడుందని నేను అడిగితే ఆ ముసలాయన, "ఏ కోటయ్యా? చేపకు పోటు ఎక్కాల. అప్పుడు రాండి" అన్నాడు.

యానాదుల గురించి నాలుగు మాటలు వ్రాయకుండా ఈ తీరం చరిత్ర వ్రాయకూడదు. నెల్లూరు జిల్లాలో మనకంటే పాతవాళ్లు వాళ్లు. కయ్యలో, కాలువలో, ఉప్పుటేటి బురదలో చేత్తో తడిమి చేపను, పీతను పట్టే నేర్పు వాళ్లది. మూలికలు కూడా బాగా తెలుసు. వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితమంతా వాళ్లకోసం పనిచేసి, 1962లో వాళ్ల మీద పుస్తకం కూడా వ్రాశారు. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా ఉన్న కుటుంబాలను, ఆ దీవి రాకెట్ కేంద్రానికి ఎంపికైన 1969 తర్వాత అక్కడ నుంచి కదిలించారు. ఆ రోజు దుగరాజపట్నంలో ఆ ముసలాయన మాకు పోటు వేళ చూసుకోవడం నేర్పాడు. సాయంత్రం మాకు మూడు పండుగప్పలు పడ్డాయి. అతనికి ఒకటి ఇవ్వబోతే తీసుకోలేదు. బీడీ కట్ట తీసుకున్నాడు.

దుగరాజపట్నం పేరు మళ్లీ 2014లో విన్నాము. రాష్ట్ర విభజన చట్టంలో అక్కడ పెద్ద రేవు కట్టిస్తామని, మొదటి దశ 2018 ఆఖరుకు పూర్తవుతుందని వ్రాశారు. 2018 వచ్చింది, పోయింది. రేవు రాలేదు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ వైపంతా, సూళ్లూరుపేట, తడతో సహా తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. నా పాత మ్యాపుల మీద మాత్రం అదింకా నెల్లూరే.

సూళ్లూరుపేట వైపు మేము తరచుగా పోయేవాళ్లం. పులికాట్ సరస్సు మన దేశంలో చిల్కా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మన వైపే ఉంది. లోతు తక్కువ, చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు. ఈశాన్య ఋతుపవనాల వానలకు కాళంగి నీరు చేరి నిండుతుంది, వేసవికి మన వైపు సగం బురద, సగం పెళ్లలు. 1979 ఆగస్టు 10వ తేదీన ఇద్దరం సి.ఎల్. పెట్టి భీమునివారిపాళెం దగ్గర ఒడ్డున కూర్చున్నాము. ఆగస్టులో అక్కడ చేపలు ఉండవని బావకు తెలుసు. రాకెట్ చూద్దామని వచ్చాం, గాలాలు ఇంట్లో చెప్పడానికి తెచ్చాం. మన మొదటి ఎస్.ఎల్.వి.-3 ఉదయం ఎనిమిది లోపే లేచింది. ఎర్రని నిప్పు, తెల్లని పొగ, ఆ తర్వాత ఎంతసేపటికో చప్పుడు. కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. మేము చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చాక రేడియోలో విన్నాము, అయిదు నిముషాలకే అది బంగాళాఖాతంలో పడిపోయిందని. ఏడాది తర్వాత, 1980 జూలై 18న, రెండోది నిలబడింది. ఆ రోజు కలెక్టరు గారి మీటింగు ఉండి సెలవు దొరకలేదు. మేము చూసింది పడిపోయినదే.

1986 సమ్మె మన పెన్షనర్లలో చాలామందికి గుర్తుండి ఉంటుంది. 53 రోజులు. జీతం లేదు. అంగడివాడు పద్దు వ్రాసుకోవడం ఆపేశాడు. మా ఇంట్లో అప్పుడు నలుగురు పిల్లలు, మా అమ్మ. ఆ 53 రోజుల్లో మేమిద్దరం సరదాకు గాలం వేయలేదు. ఉదయం సంఘం టెంటులో కూర్చొని, మధ్యాహ్నం సైకిలెక్కి కాలువకు పోయేవాళ్లం. బావ తన ఊరి నుంచి విసురువల తెచ్చాడు. గాలానికి సరిగా లొంగని కొయ్యింగలు వలకు పడతాయి. పడినవి గట్టు మీద రెండు కుప్పలు పెట్టి, నన్ను వెనక్కి తిరిగి నిలబడమని, "ఇది ఎవరిది?" అని అడిగేవాడు. తీరంలో పాలు పంచే పద్ధతి అదే. ఎప్పుడూ పెద్ద కుప్పే నాకు వచ్చేది. నాకు చాలా రోజులు అదృష్టమనిపించింది. మా ఇంటావిడ చెప్పింది తర్వాత, "మీరు ఎప్పుడు అడిగినా 'కుడిది' అంటారని ఆయనకు తెలుసు" అని.

ఇక రొయ్యల కాలం వచ్చింది. ఇది వ్రాయడం నాకు సులభం కాదు గాని, వ్రాస్తానని బావకు చెప్పాను. అతను సరేనన్నాడు.

1990 ప్రాంతం నుంచి కండలేరు ఉప్పుటేరు ఇరువైపులా, కృష్ణపట్నం నుంచి తీరం పొడుగునా టైగర్ రొయ్య చెరువులు లేచాయి. అంతకు ముందు మేము ఎరకు గుచ్చి పారేసిన రొయ్య అది. ఒక పంటకే మిద్దె కట్టినవాళ్లను చూశాము. వరి కయ్యలు చెరువులయ్యాయి, తాగునీళ్లు ఉప్పగా మారాయి, యానాదులు చెరువులకు కాపలావాళ్లయ్యారు. మా బావ అప్పటికి ఇరవై ఏళ్లు ఆ శాఖలో గుమాస్తా. ఇతరులకు కాగితాలు చేసిచ్చి వాళ్లు కార్లు కొనడం చూసినవాడు. 1993లో భార్య పేర మూడెకరాలు కౌలుకు తీసుకున్నాడు. మన కాండక్ట్ రూల్సు సంగతి మీకు తెలుసు, అందుకని భార్య పేర. ఒక పరపతి సంఘంలో అప్పు తీసుకుంటే నేను జామీను సంతకం పెట్టాను. మా ఇంట్లో అడగకుండా పెట్టాను.

1994లో తెల్లమచ్చ వ్యాధి వచ్చింది. పెంకు మీద తెల్లని చుక్కలు పడి, మూడు నాలుగు రోజుల్లో చెరువుకు చెరువే ఖాళీ. ఒక చెరువు నీళ్లు ఏటిలోకి వదిలితే, అవే నీళ్లు పక్క చెరువువాడు తోడుకునేవాడు. అలా ఒకరి జబ్బు అందరికీ. బావ మూడెకరాలు ఒక వారంలో పోయాయి. 1996 డిసెంబరు 11న సుప్రీం కోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. అప్పటికే పోవలసినవాళ్లు పోయారు. సంఘంవారు అతని జీతంలో పట్టుకోగలిగింది పట్టి, మిగతాది నా జీతంలో పట్టారు. నెలకు 400 రూపాయలు, 36 నెలలు.

డబ్బు వల్ల మేము విడిపోలేదు. ఒకరోజు కలెక్టరేటు క్యాంటీనులో, పదిమందిలో, టీ గ్లాసు చేతిలో పెట్టుకొని నేను ఒక మాట అన్నాను. "నా జీతం మేపి రొయ్యలు పెంచాడు" అని. అతను నా వెనకే నిలబడి ఉన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అది 1996. ఎనిమిదేళ్లు మాట్లాడుకోలేదు. పట్టుబడి పూర్తయినా మాట్లాడుకోలేదు. కాలువకు నేను ఒక్కణ్ణే పోయేవాణ్ణి. అతను మానేశాడని విన్నాను.

2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. పౌర్ణమికి పోటు పెద్దది. అందుకని తెల్లవారుజామునే వెళ్లి మా పాత చోట, పడమటి గట్టు మీద కూర్చున్నాను. ఆకాశం నిర్మలంగా ఉంది. తుఫానయితే, 1984లో, 1989లో వచ్చినట్టు, గాలి చెబుతుంది, రేడియో చెబుతుంది. ఇది ఏమీ చెప్పలేదు. సుమత్రా దగ్గర ఉదయం ఆరున్నరకు భూమి కంపించిందని ఆ గట్టు మీద నాకెలా తెలుస్తుంది? తొమ్మిది ప్రాంతంలో కాలువ నీరు పోటు వేళ కాని వేళ ఎదురు నడవడం మొదలుపెట్టింది. నా బెండు ఒడ్డెక్కింది. గట్టు అంచు దాకా బురద నీళ్లు, వాటి మీద సరుగుడు కొమ్మలు, ఎవరిదో వల. తూర్పు వైపు నుంచి అరుపులు. నేను గట్టు పైకెక్కి ఒక చెట్టు పట్టుకొని నిలబడ్డాను. కాసేపటికి నీళ్లు వచ్చినంత వేగంగానే వెనక్కి పోయాయి. ఆ రోజు మన జిల్లా తీరంలో కూడా మనుషులు పోయారు, పడవలు, వలలు లెక్కలేనన్ని పోయాయి.

2005లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ఒక శాస్త్రజ్ఞుడు వ్యాసం వ్రాశారు. ఆ రోజు ఆంధ్ర తీరంలో ఎంతోమందిని బకింగ్‌హామ్ కాలువే కాపాడిందని. ఒడ్డు దాటి వచ్చిన నీటిని కాలువ తనలోకి తీసుకొని, పది పదిహేను నిముషాల్లో తిరిగి సముద్రానికి పంపేసిందట. దొరలు కట్టెల కోసం, ఉప్పు కోసం త్రవ్వించినది అది. నేను ఆ కాలువకు పడమటి గట్టున ఉన్నాను.

గంట గడిచి ఉంటుంది. వంతెన మీద జనం నెల్లూరు వైపు పరుగెడుతున్నారు. వాళ్లకు ఎదురుగా ఒక స్కూటరు వస్తోంది. నడిపేవాడికి స్కూటరు సరిగా రాదని దూరం నుంచే తెలుస్తోంది. మా బావ. టీవీలో చూసి, మా ఇంటికి పోయి, నేను కాలువకు వెళ్లానని మా ఇంటావిడ చెప్పగా, పక్కింటివాళ్ల స్కూటరు అడిగి తెచ్చాడు. దిగి నా దగ్గరికి వచ్చాడు. ఎనిమిదేళ్ల తర్వాత అతను అన్న మొదటి మాట: "యాడ కూర్చోనుంటావో నాకు తెలుసు కదబ్బా." నేను ఏదో చెప్పబోతే, "ముందు స్కూటరెక్కు, మళ్లా వస్తుందంటుండారు" అన్నాడు. గాలం గట్టు మీదే వదిలేసి వచ్చాము. ఇంటి దగ్గర దింపాక, వాకిట్లో నిలబడి, క్యాంటీను సంగతి ఎత్తాను. "అది సరేలే బావా, నువ్వన్నదాంట్లో అబద్ధం ఏముంది" అన్నాడు. నా తప్పు నన్ను ఒప్పుకోనివ్వలేదు. ఈ రోజుకీ ఒప్పుకోనివ్వలేదు. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాను.

2008లో ఇద్దరం రిటైరయ్యాము. అతని గ్రాట్యుటీ వచ్చిన వారంలోనే 14,400 రూపాయలు, పైసాతో సహా, కవరులో పెట్టి మా ఇంటావిడ చేతికి ఇచ్చాడు. నేను వద్దంటుంటే ఆవిడ తీసుకుంది. "తీసుకోకపోతే ఆయన మళ్లీ మన గడప తొక్కడు, ఆ మాత్రం తెలియదా?" అని తర్వాత నన్నే కోప్పడింది. వడ్డీ కింద చేపలు తెస్తానన్నాడు, తెస్తూనే ఉన్నాడు. ఆ ఏడే కృష్ణపట్నం రేవు పెద్ద ఓడలకు తెరుచుకుంది. తర్వాత బొగ్గు, విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. ఉప్పుటేటి మొగ దగ్గర మేము కూర్చున్న ఇసుక తిప్ప కంచె లోపలికి పోయింది. పులికాట్‌కు ఉత్తరాన రాయదొరువు మొగ పూడిపోతూ వచ్చింది. సముద్రపు నీరు లోపలికి రాకపోతే రొయ్యపిల్ల, చేపపిల్ల ఎలా వస్తాయని అక్కడి బెస్తవారు ఎన్ని అర్జీలు పెట్టారో మన ఆఫీసుల్లో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు. కొన్నిటికి నంబరు వేసింది నేనే.

బావకు ఇప్పుడు ఎడమ కన్ను సరిగా కనిపించదు. నాకు మోకాళ్లు. సైకిళ్లు పోయి షేర్ ఆటో వచ్చింది. పెన్షను పడిన మొదటి ఆదివారం మైపాడు రోడ్డున వంతెన దగ్గర దిగుతాము. గట్టు దిగడానికి నేను అతని భుజం పట్టుకుంటాను. బెండు కదిలిందో లేదో నేను చెబుతాను. అతను చూడకపోయినా దారం వేలికి చుట్టుకొని ఉంటాడు, నాకంటే ముందే తెలుస్తుంది. పోయిన నెల రెండు జెల్లలు, ఒక చిన్న పండుగప్ప పడ్డాయి. గట్టు మీద కుప్పలు పెట్టి, నన్ను వెనక్కి తిరగమన్నాడు.

"ఇది ఎవరిది?" అన్నాడు.

ఈసారి నేను "ఎడమది నాది" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తిరిగి చూస్తే పండుగప్పను ఎడమ కుప్పలోకి మారుస్తున్నాడు.